వినబడినా వినని హెచ్చరిక: జాక్సన్ హోల్ సదస్సు, 2005

2008 నవంబరు 5వ తేదీన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఒక కొత్త భవనాన్ని ప్రారంభించడానికి బ్రిటన్ రాణి రెండవ ఎలిజబెత్ వచ్చారు. అప్పటికి అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు కూలిపోయి ఏడు వారాలు దాటింది. ప్రపంచమంతటా స్టాక్ మార్కెట్లు పడిపోతున్నాయి, బ్యాంకులు ఒకదాన్నొకటి నమ్మడం మానేశాయి. సంక్షోభం ఎలా పుట్టిందో అక్కడి ఆచార్యులు వివరిస్తుండగా, ఇంత పెద్ద విషయాన్ని ముందుగా ఎవరూ ఎందుకు గమనించలేకపోయారని రాణి అడిగారు. ఆ ప్రశ్న పత్రికలకెక్కి ప్రపంచమంతా తిరిగింది.

ఆ రోజుల్లో దానికి ఎక్కువగా వినిపించిన జవాబు, ఇది ఎవరూ ఊహించని ఉపద్రవం అని. చరిత్ర విద్యార్థికి ఇలాంటి జవాబు ఎదురైనప్పుడు మొదట చేయవలసిన పని, పాత కాగితాలు తిరగేయడం. మనుషుల జ్ఞాపకం తమకు అనుకూలమైన దారిలో నడుస్తుంది. కాగితం అలా కాదు, రాసిన రోజున ఏముందో అదే చెబుతుంది. ఈ విషయంలో అటువంటి కాగితం ఒకటి ఉంది. అది 2005 ఆగస్టులో అమెరికాలో జరిగిన ఒక సదస్సు కార్యకలాపాల సంపుటం. అందులో సమర్పించిన పత్రాలే కాక, వాటిపై జరిగిన చర్చ కూడా, ఎవరు ఏమన్నారో పేర్లతో సహా అచ్చయింది. ఈ ప్రసంగంలో ఆ సంపుటాన్ని ఆధారం చేసుకుని మాట్లాడుకుందాం.

లోయలో సభ

అమెరికా కేంద్ర బ్యాంకు పేరు ఫెడరల్ రిజర్వు. దాని కింద 12 ప్రాంతీయ బ్యాంకులు ఉన్నాయి. వాటిలో ఒకటైన కాన్సాస్ సిటీ బ్యాంకు 1978 నుంచి ఏటా ఒక సదస్సు జరుపుతోంది. అది వ్యవసాయ ప్రాంతానికి చెందిన బ్యాంకు కాబట్టి తొలి సదస్సు విషయం కూడా వ్యవసాయ వాణిజ్యమే. 1982లో ఈ సదస్సును వయోమింగ్ రాష్ట్రంలోని జాక్సన్ హోల్ అనే లోయకు మార్చారు. టీటన్ పర్వతాల పాదాల దగ్గర, జాతీయ ఉద్యానవనం మధ్యలో ఉన్న వసతిగృహం అది. అక్కడికే ఎందుకు మార్చారనే దానికి ఒక సరదా కారణం చెబుతారు. అప్పటి ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడు పాల్ వోల్కర్‌కు గాలంతో ట్రౌట్ చేపలు పట్టడమంటే ఎంతో ఇష్టం. ఆగస్టులో చేపలు దొరికే చల్లని చోటు చూపిస్తే ఆయన తప్పక వస్తారని నిర్వాహకులు అనుకున్నారు. ఆయన వచ్చారు. ఆయన వచ్చాక మిగిలిన దేశాల కేంద్ర బ్యాంకుల అధిపతులూ రావడం మొదలుపెట్టారు.

ఆహ్వానితుల సంఖ్య వందకు కాస్త అటూ ఇటూ మాత్రమే. కేంద్ర బ్యాంకుల అధిపతులు, పేరున్న ఆచార్యులు, కొద్దిమంది బ్యాంకర్లు, విలేఖరులు వస్తారు. పద్ధతి విశ్వవిద్యాలయాల్లో జరిగే సెమినార్ పద్ధతే. పత్ర రచయిత మాట్లాడతాడు, తరువాత ముందే నియమించిన విమర్శకుడు స్పందిస్తాడు, ఆపైన సభలోని వారందరూ చర్చిస్తారు. అయితే ఇక్కడ కూర్చున్నవారి మాటను బట్టి వడ్డీరేట్లు మారతాయి. మామూలు సెమినార్‌కూ దీనికీ తేడా అదే.

2005లో సదస్సు ఆగస్టు 25 నుంచి 27 వరకు జరిగింది. ఆ ఏడు ఎంచుకున్న విషయం ‘గ్రీన్‌స్పాన్ యుగం: భవిష్యత్తుకు పాఠాలు’. అలాన్ గ్రీన్‌స్పాన్ 1987 ఆగస్టులో వోల్కర్ స్థానంలోకి వచ్చి, 18 ఏళ్లు ఫెడరల్ రిజర్వును నడిపారు. 2006 జనవరి ఆఖరుకు పదవి విరమించబోతున్నారు. కాబట్టి ఆ సదస్సు విద్వత్సభ ఎంతో, వీడ్కోలు సభ కూడా అంతే. మన కాలేజీల్లో ప్రిన్సిపాల్ గారి పదవీ విరమణ సభ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ రోజున కాలేజీ భవనానికి బీటలు ఉన్నాయని ఎవరూ లేచి చెప్పరు.

గ్రీన్‌స్పాన్ పేరు అంత పెద్దదవడానికి కారణాలున్నాయి. ఆయన పదవిలోకి వచ్చిన రెండు నెలలకే, 1987 అక్టోబరు 19న, న్యూయార్క్ స్టాక్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ ఒక్క రోజులో 22 శాతానికి పైగా పడిపోయింది. ఫెడరల్ రిజర్వు అడిగినంత డబ్బు అందుబాటులో ఉంచింది, ప్రమాదం గడిచింది. 1998లో లాంగ్ టెర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అనే నిధి సంస్థ దివాలా అంచుకు చేరింది. అందులో ఇద్దరు భాగస్వాములు అంతకు ముందు ఏడాదే అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవారు! న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు చొరవతో 14 సంస్థలు కలిసి సుమారు 360 కోట్ల డాలర్లు పోసి దాన్ని ఆదుకున్నాయి. 2000 తరువాత ఇంటర్‌నెట్ కంపెనీల బుడగ పగిలింది. వడ్డీరేటును తగ్గించుకుంటూ వచ్చి 2003 జూన్ నాటికి 1 శాతానికి దించారు, ఆ మాంద్యం కూడా తేలికగానే పోయింది. ఇలా ప్రతిసారీ గండం గట్టెక్కడంతో, ఈ వ్యవస్థకు ఇక పెద్ద ప్రమాదం రాదన్న ధీమా పండితుల్లో బలపడింది. ఆ సదస్సులోనే ప్రిన్స్‌టన్ ఆచార్యులు అలాన్ బ్లైండర్, రికార్డో రైస్ సమర్పించిన పత్రం, చరిత్రలోని కేంద్ర బ్యాంకర్లందరిలో గొప్పవాడు అనిపించుకునే అర్హత గ్రీన్‌స్పాన్‌కు ఉందని చెప్పింది.

రాజన్ చెప్పిందేమిటి?

27వ తేదీ శనివారం మాట్లాడినవారిలో రఘురామ్ రాజన్ ఒకరు. వయసు 42. భోపాల్‌లో పుట్టి, ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు, అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం.లో మేనేజిమెంటు చదివి, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో బ్యాంకింగ్ మీద డాక్టరేట్ చేసి, షికాగో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. 2003 నుంచి అంతర్జాతీయ ద్రవ్యనిధికి ప్రధాన ఆర్థికవేత్తగా ఉన్నారు. ఆయన మార్కెట్లకు వ్యతిరేకి అనుకుంటే పొరపాటు. స్వేచ్ఛా మార్కెట్లను సమర్థిస్తూ 2003లో సహరచయితతో కలిసి ఒక పుస్తకం రాసిన మనిషి. ఆర్థిక రంగంలో వచ్చిన మార్పుల వల్ల ప్రపంచం ఎంత సురక్షితమైందో చూపించాలనే ఆయన ఈ పత్రం మొదలుపెట్టారట. కాని లెక్కలు సేకరించి చూస్తే బ్యాంకులు అంత సురక్షితంగా కనిపించలేదు. దాంతో పత్రం దారి మారింది. దానికి ఆయన పెట్టిన పేరు కూడా ఒక ప్రశ్నే: ఆర్థిక రంగ వికాసం ప్రపంచాన్ని మరింత ప్రమాదకరం చేసిందా?

ఆయన వాదన అర్థం కావాలంటే, అప్పటికి బ్యాంకింగ్‌లో వచ్చిన మార్పు తెలియాలి. పూర్వం బ్యాంకు ఇంటికి అప్పిస్తే, ఆ అప్పు తీరేదాకా పత్రాలు దాని బీరువాలోనే ఉండేవి. అప్పు మునిగితే మునిగేది బ్యాంకే కాబట్టి మనిషిని చూసి, జీతం చూసి ఇచ్చేది. 1990ల నాటికి అమెరికాలో పద్ధతి మారింది. వేలాది గృహరుణాలను ఒక మూటగా కట్టి, ఆ మూట మీద వచ్చే వాయిదాల సొమ్మును ముక్కలుగా చేసి బాండ్ల రూపంలో అమ్మేవారు. వచ్చిన సొమ్ములో మొదట చెల్లింపు పొందే ముక్కకు రేటింగ్ సంస్థలు అత్యుత్తమ శ్రేణి ఇచ్చేవి. చివరగా పొందే ముక్కకు వడ్డీ ఎక్కువ, నష్టభయమూ ఎక్కువ. ఈ బాండ్లు మునిగితే నష్టం భరిస్తామని, కొంత రుసుము తీసుకుని హామీ ఇచ్చే ఒప్పందాలూ పుట్టుకొచ్చాయి. ఇలా నష్టభయం ఒకేచోట పేరుకోకుండా ప్రపంచమంతా పంచుకుపోయిందనీ, కాబట్టి ఎవరికీ పెద్ద దెబ్బ తగలదనీ నాటి సిద్ధాంతం.

పంచడం నిజమే, కాని పంచేవాడికి జీతం ఎలా వస్తోంది? రాజన్ ప్రశ్న ఇక్కడి నుంచి మొదలవుతుంది. మన కోస్తా ఉదాహరణ తీసుకుంటే ఇది సులువుగా తెలుస్తుంది. ఒకాయన కృష్ణా తీరంలోని ఇళ్లన్నిటికీ తుపాను బీమా అమ్మాడనుకుందాం. పెద్ద ఉప్పెన ఏటా రాదు. రాని ప్రతి ఏడూ ప్రీమియం అంతా లాభంగానే కనిపిస్తుంది. యజమాని మెచ్చుకుని బోనస్ ఇస్తాడు. పక్క కంపెనీ మేనేజరు అలాంటి బీమా అమ్మకపోతే అతని లాభం తక్కువ, అతని ఉద్యోగానికే ముప్పు. అందుకని అతనూ అమ్ముతాడు. 1977 నవంబరులో దివిసీమకు వచ్చినటువంటి ఉప్పెన వచ్చిన రోజున చెల్లించడానికి ఎవరి దగ్గరా డబ్బుండదు. అప్పటిదాకా తీసుకున్న బోనస్‌లు మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వరు.

ఇలా ఎప్పుడో గాని రాని, వస్తే సర్వనాశనం చేసే నష్టభయాన్ని తెలిసి తెలిసి తలకెత్తుకోవడానికి మేనేజర్ల జీతాల పద్ధతే పురికొల్పుతోందని రాజన్ చూపించారు. తోటివాళ్లతో పోల్చి జీతం ఇస్తే అందరూ ఒకే మందలా ఒకే వైపు నడుస్తారు. తప్పయితే అందరి తప్పూ ఒకటే కాబట్టి ఎవరినీ వేరుగా నిందించరు. దీనికి తోడు వడ్డీరేట్లు చాలాకాలం తక్కువగా ఉంటే, ఎక్కువ రాబడి కోసం ఇంకా ప్రమాదకరమైన వాటివైపు పరుగు పెరుగుతుంది.

ఇక రెండో అంశం. నష్టభయమంతా అమ్మేశామని చెప్పే బ్యాంకులు నిజానికి అంతా అమ్మలేదు. తమ సరుకు నాణ్యమైనదని కొనేవారిని నమ్మించడానికి అతి కష్టమైన ముక్కలు కొన్ని తమ దగ్గరే ఉంచుకున్నాయి. అందువల్ల ఏదైనా దెబ్బ తగిలినప్పుడు ఏ బ్యాంకు లోపల ఏముందో పక్క బ్యాంకుకు తెలియదు. తెలియనప్పుడు ఒకరికొకరు అప్పివ్వడం ఆపేస్తారు. బ్యాంకుల మధ్య రోజువారీ అప్పుల బజారు గడ్డకట్టుకుపోయి, పూర్తి స్థాయి ఆర్థిక సంక్షోభం రావచ్చని ఆ పత్రంలో ఉంది. ఆయన తేదీ చెప్పలేదు. సబ్‌ప్రైమ్ గృహరుణాల నుంచే నిప్పు రాజుకుంటుందనీ చెప్పలేదు. జబ్బు ఏ దారిన ముదురుతుందో మాత్రం చెప్పారు. మందు కూడా సూచించారు. మేనేజర్ల జీతంలో కొంత భాగాన్ని వాళ్లు నడిపే నిధిలోనే ఉంచి, వాళ్లు ఉద్యోగం వదిలిన తరువాత కూడా కొంతకాలం తీసుకోనివ్వకూడదన్నది ఆ సూచన.

సభలో ఏం జరిగింది?

నియమిత విమర్శకుడు డొనాల్డ్ కోన్ ఫెడరల్ రిజర్వు గవర్నర్లలో ఒకరు. మర్యాదగానే మాట్లాడారు. కొత్త ఆర్థిక సాధనాల వల్ల నష్టభయం చెదిరిపోయి వ్యవస్థ మరింత దృఢమైందనీ, జీతాల్లో ప్రభుత్వ జోక్యం మేలు కంటే కీడే చేయవచ్చనీ ఆయన వాదన. బహిరంగ చర్చలో మాత్రం మాటలు పదునెక్కాయి. అప్పటి హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు లారెన్స్ సమర్స్, పత్రం మూలభావన చాలావరకు పొరపాటన్నారు. యంత్రాలను చూసి భయపడేవారి ధోరణి ఇందులో ఉందని సూచించి, రవాణా సాధనాలతో పోలిక తెచ్చారు. విమానాలు వచ్చాక ప్రమాదం జరిగితే పెద్దదే జరుగుతుంది, అంతమాత్రాన ప్రయాణాలు మునుపటికంటే సురక్షితం కాలేదనగలమా అన్నది ఆయన తర్కం.

ఆ పోలిక వినడానికి బాగుంటుంది. అయితే ఒక విమానం కూలితే పక్క విమానం కూలదు. బ్యాంకుల సంగతి అలా కాదు. సభలో ఈ తేడాను పట్టుకున్నవారు ఒకరున్నారు. అప్పట్లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పనిచేస్తున్న హ్యున్ సాంగ్ షిన్ లండన్ మిలీనియం వంతెన ఉదాహరణ చెప్పారు. థేమ్స్ నదిపై ఆ నడక వంతెనను 2000 జూన్‌లో తెరిచి, విపరీతంగా ఊగుతోందని రెండు రోజులకే మూసేశారు. వంతెన కాస్త కదలగానే జనమంతా తూలకుండా ఒకేసారి ఒకే పక్కకు అడుగు సర్దుకుంటారు. ఆ సర్దుబాటే ఊపును పెంచుతుంది. ఎవరి మటుకు వారు జాగ్రత్తపడటమే అందరికీ ప్రమాదమవుతుంది. మార్కెట్లో అందరూ ఒకేసారి అమ్మడానికి పరుగెత్తితే జరిగేదీ అదే. బ్లైండర్ కూడా, గ్రీన్‌స్పాన్‌ను అంతగా పొగిడిన తరువాత, ఇంత దాడి జరుగుతోంది కాబట్టి రాజన్‌ను కొంచెం సమర్థిస్తానని లేచి జీతాల పద్ధతిపై ఆయన అన్నది ఆలోచించదగ్గదేనన్నారు.

న్యాయంగా ఇంకొక మాట చెప్పాలి. ముందురోజు గ్రీన్‌స్పాన్ స్వయంగా ఇచ్చిన ప్రసంగంలో, నష్టభయాన్ని చాలాకాలం తేలికగా తీసుకున్న తరువాత వచ్చే రోజులు చరిత్రలో చేదుగానే ఉన్నాయన్న అర్థం వచ్చే మాట ఉంది. అంటే ఆయనకు తెలియదని కాదు. తెలిసినా, బ్యాంకులు తమ వాటాదారుల మేలు కోరి తమను తామే అదుపు చేసుకుంటాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే ఎన్నో నిర్ణయాలు జరిగాయి. 1998లో బ్రూక్స్‌లీ బోర్న్ అనే అధికారిణి డెరివేటివ్ ఒప్పందాలపై నియంత్రణ గురించి ఆలోచించాలంటే గ్రీన్‌స్పాన్, ఖజానా శాఖ కలిసి అడ్డుపడ్డారు. 2000 డిసెంబరులో వచ్చిన చట్టం ఆ ఒప్పందాలను చాలావరకు నియంత్రణకు అవతలే ఉంచింది. అప్పటి ఖజానా మంత్రి సమర్స్. అంటే 2005లో రాజన్ మాటను ఒప్పుకోవడమంటే, ఆ గదిలో కూర్చున్న చాలామంది తమ చేతులతో చేసిన పనిని తప్పని ఒప్పుకోవడమే. తెలివికి లోటు లేని సభ అది. వినడానికి అడ్డుపడింది వేరే.

సదస్సు ముగిసిన రెండు రోజులకు, ఆగస్టు 29న, కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచింది. ఆ నగరానికి అలాంటి ముప్పు ఉందని ఇంజనీర్లు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు.

ఆ తరువాత

రాజన్ సొంత సంస్థ కూడా ఆయన మాట వినలేదన్నది ఈ కథలో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచే విషయం. 2006 ఏప్రిల్‌లో వచ్చిన ద్రవ్యనిధి ఆర్థిక స్థిరత్వ నివేదిక, నష్టభయాన్ని విస్తృతంగా పంచడం వల్ల బ్యాంకింగ్ వ్యవస్థ మరింత బలపడిందనే రాసింది. ఆ ఏడాదే అమెరికాలో ఇళ్ల ధరలు శిఖరం చేరి దిగడం మొదలుపెట్టాయి. వడ్డీరేటు 2006 జూన్‌కు 5.25 శాతానికి చేరింది. తీర్చే స్తోమత లేనివారికి ఇచ్చిన గృహరుణాలు మునగసాగాయి.

2007 ఆగస్టు 9న ఫ్రాన్సు బ్యాంకు బి.ఎన్.పి. పారిబా తన మూడు నిధులనుంచి డబ్బు తీసుకోవడాన్ని నిలిపేసింది. అందులోని బాండ్ల విలువ ఎంతో కట్టలేకపోతున్నామని కారణం చెప్పింది. అదే రోజు బ్యాంకుల మధ్య అప్పులు ఆగిపోయాయి. యూరోపియన్ కేంద్ర బ్యాంకు ఆ ఒక్క రోజే సుమారు 9,500 కోట్ల యూరోలు విడుదల చేయాల్సి వచ్చింది. రాజన్ పత్రంలో రాసిన గడ్డకట్టడం సరిగ్గా ఇదే. సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు డిపాజిటర్లు బారులు తీరారు. 2008 మార్చిలో బేర్ స్టెర్న్స్ చేతులు మారింది. సెప్టెంబరు 15న 158 ఏళ్ల లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషను వేసింది. మర్నాడే బీమా సంస్థ ఎ.ఐ.జి.ని ఫెడరల్ రిజర్వు 8,500 కోట్ల డాలర్ల అప్పుతో ఆదుకుంది. ఆ సంస్థలోని ఒక విభాగం చేసిన పని, మనం పైన చెప్పుకున్న తుపాను బీమా వ్యాపారమే. ఇళ్ల రుణాల బాండ్లకు హామీలు అమ్మి ఏళ్లపాటు లాభాలు చూపించింది. అక్టోబరు 3న అమెరికా కాంగ్రెసు 70,000 కోట్ల డాలర్ల సహాయ పథకాన్ని ఆమోదించింది. ఏడాది తిరిగేసరికి, 2009 అక్టోబరులో, ఆ దేశంలో నిరుద్యోగం 10 శాతానికి చేరింది.

2008 అక్టోబరు 23న గ్రీన్‌స్పాన్ అమెరికా ప్రతినిధుల సభా సంఘం ముందు హాజరయ్యారు. బ్యాంకులు స్వప్రయోజనం కోసమైనా తమను తాము కాపాడుకుంటాయన్న తన ఆలోచనలో లోపం కనిపించిందని ఒప్పుకున్నారు. అప్పటికాయనకు 82 ఏళ్లు. అంతటి పెద్దమనిషి బహిరంగంగా అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

మన దేశంలో

ఇప్పుడు అదే కాలంలో ముంబయిలో ఏం జరుగుతోందో చూద్దాం. 2003 సెప్టెంబరు నుంచి 2008 సెప్టెంబరు దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు డాక్టర్ యాగా వేణుగోపాల్ రెడ్డి. కడప జిల్లాకు చెందిన ఆయన, 1964లో ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐ.ఎ.ఎస్. అధికారిగా ఉద్యోగం మొదలుపెట్టారు. ఆ సంవత్సరాల్లో మన నగరాల్లోనూ భూముల ధరలు ఎగబాకుతున్నాయి, విదేశీ పెట్టుబడి వరదలా వస్తోంది. బ్యాంకులు ఇళ్లకు, వాణిజ్య భవనాలకు ఉదారంగా అప్పులిస్తున్నాయి.

రెడ్డి చేసిన పని పైకి చాలా చప్పగా కనిపిస్తుంది. వాణిజ్య భవనాల రుణాలపై రిస్కు వెయిటును 2005 జూలైలో 100 నుంచి 125 శాతానికి, 2006 మేలో 150 శాతానికి పెంచారు. దీని అర్థం ఏమిటంటే, నాటి నిబంధన ప్రకారం 100 రూపాయల అప్పుకు బ్యాంకు తన సొంత మూలధనం 9 రూపాయలు పక్కన పెట్టాలి. రిస్కు వెయిటు 150 అయితే 13 రూపాయల 50 పైసలు పెట్టాలి. అంటే ఆ అప్పు బ్యాంకుకు ఖరీదవుతుంది, ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచిస్తుంది. అప్పులు సక్రమంగా తీరుతున్నప్పుడే భవిష్యత్తు నష్టానికి ఎక్కువ సొమ్ము తీసి ఉంచమన్నారు. 2006 ఫిబ్రవరిలో, అప్పుల మూటలను అమ్మిన బ్యాంకు ఆ లాభాన్ని వెంటనే లెక్కలో చూపకూడదనీ, బాండ్ల కాలమంతటా కొద్దికొద్దిగా మాత్రమే చూపాలనీ ఉత్తర్వు ఇచ్చారు. గమనించారా? లాభం ఈ రోజే చూపలేకపోతే దానిమీద ఈ రోజే బోనస్ కూడా రాదు. ఈ ఉత్తర్వులకు జాక్సన్ హోల్ పత్రమే ప్రేరణ అని చెప్పడానికి ఆధారం లేదు. మొదటిది ఆ సదస్సుకు నెలరోజుల ముందే వచ్చింది కూడా. చేతికి అందిన లెక్కల్ని చూసి అనుమానపడే పాతకాలపు అలవాటే ఇద్దరినీ ఒకే చోటికి తెచ్చింది. అప్పట్లో రెడ్డిని మార్పుకు అడ్డుపడేవాడన్నవారు తక్కువేమీ కాదు. ప్రభుత్వంతో తనకున్న విభేదాలను ఆయన 2017లో వెలువడిన తన ఆత్మకథలో రాశారు.

ఆయన స్థానంలోకి 2008 సెప్టెంబరు 5న డాక్టర్ దువ్వూరి సుబ్బారావు వచ్చారు. ఏలూరులో పుట్టినవారు. బాధ్యత తీసుకున్న పది రోజులకు లేమన్ కూలింది! మన బ్యాంకుల దగ్గర ఆ విషపు బాండ్లు పెద్దగా లేకపోయినా దెబ్బ వేరే దారుల్లో వచ్చింది. విదేశీ మదుపుదారులు డబ్బు లాగేసుకున్నారు. 2008 జనవరిలో 21,000 దాకా వెళ్లిన సెన్సెక్స్ అక్టోబరు ఆఖరుకు 8,500 దగ్గరికి పడింది. డాలరుకు 39 రూపాయల దగ్గరున్న మారకపు రేటు 50కి చేరింది. ఎగుమతులు తగ్గాయి. సూరత్‌లో వజ్రాలు సానపట్టే కార్మికులు పనులు పోగొట్టుకున్నారు. హైదరాబాదులో, బెంగుళూరులో నియామక పత్రం చేతికొచ్చిన ఇంజనీరింగు విద్యార్థులు చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. రిజర్వు బ్యాంకు రెపో రేటును 9 శాతం నుంచి 2009 ఏప్రిల్‌కు 4.75 శాతానికి, నగదు నిల్వల నిష్పత్తిని 9 నుంచి 5 శాతానికి తగ్గించింది. ఇంతగా తగ్గించే వీలుండటానికి కారణం, మంచి రోజుల్లో వాటిని అంత పైకి తీసుకెళ్లి ఉంచడమే.

దీన్ని చూసి మనవాళ్లకు అన్నీ ముందే తెలుసని గర్వపడటం తొందరపాటవుతుంది. అవే సంవత్సరాల్లో మన బ్యాంకులు విద్యుత్తు, రోడ్లు, ఉక్కు పరిశ్రమలకు ఇచ్చిన పెద్ద అప్పులు తరువాత మొండి బకాయిలయ్యాయి. ఆ బకాయిల్లో ఎక్కువ భాగం 2006 నుంచి 2008 వరకు, అంతా బాగున్న రోజుల్లో, ఇచ్చిన అప్పులనుంచే పుట్టిందని పార్లమెంటు అంచనాల సంఘానికి 2018లో రాసి ఇచ్చింది మళ్లీ రాజనే. 2013 నుంచి 2016 వరకు ఆయన రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నప్పుడు, 2015లో బ్యాంకుల పుస్తకాలను తనిఖీ చేయించి ఈ గుట్టు బయటపెట్టించారు. 2018 మార్చి నాటికి మొండి బకాయిలు మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. ఇళ్ల బుడగను కనిపెట్టిన కళ్లకు ఈ బుడగ అంత స్పష్టంగా కనిపించలేదన్నమాట. అలాగే రాజన్ అధ్యక్షత వహించిన ప్రణాళికా సంఘం కమిటీ, అమెరికాలో మంటలు రేగుతున్న 2008లోనే, మన ఆర్థిక రంగాన్ని ఇంకా తెరవాలని సిఫారసు చేసింది. హెచ్చరించిన మనిషి కూడా ఆర్థిక వికాసం వద్దనలేదు.

రాణి ప్రశ్నకు జవాబు

ఎలిజబెత్ రాణి ప్రశ్నకు సమాధానం వెదకడానికి మరొక సభ జరిగింది. 2009 జూన్ 17న బ్రిటిష్ అకాడమీ ఆర్థికవేత్తలను, అధికారులను, బ్యాంకర్లను, విలేఖరులను ఒకచోట కూర్చోబెట్టింది. జూలై 22 తేదీతో ఆచార్యులు టిమ్ బెస్లీ, పీటర్ హెన్నెసీ సంతకాలు చేసి రాణికి లేఖ పంపారు. చాలామంది ప్రమాదాన్ని చూశారనీ, అయితే ఎవరి పని వారు సక్రమంగానే చేస్తున్నామనుకుని, మొత్తం వ్యవస్థకు వచ్చే ముప్పును కలిపి ఊహించలేకపోయారనీ ఆ లేఖ సారాంశం. మర్యాదగా రాసిన లేఖ. అయితే ఆ ‘ఊహించలేకపోవడం’ వల్ల ఎవరికి బోనస్‌లు వచ్చాయి, ఎవరి సిద్ధాంతం నిలబడింది అన్న ప్రశ్నల జోలికి అది పెద్దగా పోలేదు. జాక్సన్ హోల్ సంపుటం చదివినవారికి ఆ లోటు తెలుస్తుంది.

సదస్సులో పాల్గొన్నవారి తరువాతి జీవితాలు కూడా ఆసక్తికరమే. కోన్ 2006లో ఫెడరల్ రిజర్వు ఉపాధ్యక్షుడై సంక్షోభకాలమంతా మంటలార్పే పనిలో ఉన్నారు. సమర్స్ 2009లో అధ్యక్షుడు ఒబామాకు ప్రధాన ఆర్థిక సలహాదారుల్లో ఒకరయ్యారు. రాజన్‌తో కలిసి బ్యాంకుల మీద ఎన్నో పత్రాలు రాసిన డగ్లస్ డైమండ్‌కు, గ్రీన్‌స్పాన్ తరువాత ఫెడరల్ రిజర్వును నడిపిన బెన్ బెర్నాంకీకి, ఫిలిప్ డిబ్‌విగ్‌తో పాటు 2022లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక 2005లో మేలు కంటే కీడే చేయవచ్చని పక్కనపెట్టిన ఆ జీతాల సూచన సంగతి. 2009 ఏప్రిల్‌లో వివిధ దేశాల నియంత్రణ సంస్థల ఉమ్మడి వేదిక, బ్యాంకుల పెద్ద ఉద్యోగుల బోనస్‌లో గణనీయమైన భాగాన్ని కొన్నేళ్లపాటు ఆపి ఉంచాలనీ, నష్టం తేలితే తగ్గించాలనీ సూత్రాలు ప్రకటించింది. మన రిజర్వు బ్యాంకు 2012 జనవరిలో ప్రైవేటు, విదేశీ బ్యాంకులకు ఆ మార్గదర్శకాలనే ఉత్తర్వుగా ఇచ్చింది. 2019 నవంబరులో వాటిని ఇంకా బిగించి, ముఖ్య అధికారుల పనితీరు వేతనంలో కనీసం 60 శాతం చెల్లింపును వాయిదా వేయాలంది.